మురుగు మడ్డి నుండి శక్తి

మురుగు మడ్డి నుండి శక్తి అనగా మురుగునీటిని శుద్ధి చేసినపుడు, లేక సెప్టిక్ ట్యాంకులలో నిలువ ఉన్నపుడు అడుగున పేరుకొనే చిక్కని మడ్డిని, దానితోపాటు పేడ, కూరగాయల చెత్త, చెరకు మడ్డి వంటి ఇతర తడి వ్యర్థాలను కుళ్ళబెట్టి గాని, ఆరబెట్టి కాల్చి గాని వంటగ్యాసు, విద్యుత్తు, ఎరువు మొదలైన వాటిని పొందే పద్ధతులు. పల్లెలలో దీనికి బాగా తెలిసిన రూపం గోబర్ గ్యాసు. పట్టణాలలో ఇది మురుగునీటి శుద్ధి కేంద్రాలు, కూరగాయల మార్కెట్ల గ్యాసు ప్లాంట్లు, మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రాల రూపంలో కనిపిస్తుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ మూడింటికీ ఉదాహరణలు ఉన్నాయి. వాటిలో కొన్ని బాగా నడిచాయి, కొన్ని మూతపడ్డాయి. ఎందువలన అలా జరిగిందో తెలుసుకోవాలంటే ముందుగా మడ్డి స్వభావం తెలియాలి.

మడ్డి అంటే

నూనె డబ్బా అడుగున, నేతి గిన్నె అడుగున మిగిలేదానిని మడ్డి అంటాము. మురుగునీటిలోనూ అంతే. నీరు నిలకడగా ఉన్నపుడు బరువైన కణాలు అడుగుకు చేరతాయి. దీనిని ప్రాథమిక మడ్డి అంటారు. ఆ తరువాత నీటిలోనికి గాలిని పంపి సూక్ష్మజీవుల చేత మిగిలిన మాలిన్యాన్ని తినిపిస్తారు. అలా తిని పెరిగిన సూక్ష్మజీవులే మరొక మడ్డిగా దిగుతాయి. ఇది ద్వితీయ మడ్డి. చూడటానికి చిక్కగా కనిపించినా ఈ మడ్డిలో 95 శాతానికి పైగా నీరే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే క్రింద వచ్చే చాలా విషయాలు సులభంగా అర్థమవుతాయి.

సెప్టిక్ ట్యాంకు మడ్డి వేరు. అది సంవత్సరాల తరబడి భూమిలో నిలువ ఉండి, సగం కుళ్ళి, నల్లబడి ఉంటుంది. దానిని లాగే లారీల వారు దానిని కూడా మురుగు అనే పిలుస్తారు గాని, శక్తి లెక్కలలో ఈ రెండూ ఒకటి కావు.

వాయువు ఎలా పుడుతుంది

గాలి సోకని చోట సేంద్రియ పదార్థం కుళ్ళితే మీథేన్ వాయువు వెలువడుతుంది. చెరువు అడుగున బురదను కర్రతో కదిపితే పైకి వచ్చే బుడగలు ఇవే. ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు అలెస్సాండ్రో వోల్టా 1776లో మజియోరే సరస్సు వద్ద ఇటువంటి బుడగలను సేకరించి అవి మండుతాయని కనుగొన్నాడు.

ఈ కుళ్ళుట నాలుగు దశలలో జరుగుతుంది. మొదట పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు నీటిలో కరిగే చిన్న అణువులుగా విడిపోతాయి. రెండవ దశలో వాటి నుండి ఆమ్లాలు తయారవుతాయి. మూడవ దశలో ఆ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువుగా మారతాయి. చివరి దశలో మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులు వాటిని మీథేన్‌గా మారుస్తాయి. ఈ చివరి దశ సూక్ష్మజీవులు మహా సుకుమారమైనవి. నెమ్మదిగా పెరుగుతాయి, పులుపును ఓర్వలేవు. ఒక్కసారిగా ఎక్కువ చెత్త వేస్తే రెండవ దశ వేగం పెరిగి ఆమ్లం పేరుకుంటుంది, నాలుగవ దశ ఆగిపోతుంది. దీనినే ప్లాంటు పులిసిపోయింది అంటారు. గోబర్ గ్యాసు ప్లాంటులో విందు భోజనాల మిగులు అన్నమంతా ఒకే రోజు వేసినవారికి ఈ అనుభవం కలుగుతుంది.

ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతంలో ఉంటే ఈ పని చక్కగా సాగుతుంది. 55 డిగ్రీల వద్ద పనిచేసే వేరొక రకం సూక్ష్మజీవులు కూడా ఉన్నాయి గాని, అంత వేడిని నిలపడానికి ఖర్చు అవుతుంది. అందువలన తెలుగునాట ఎండ ఒక వరం. పేడ ప్లాంటులో పదార్థం ఎన్ని రోజులు ఉండాలి అన్న లెక్కను ప్రాంతాన్ని బట్టి నిర్ణయించారు. ఆంధ్ర, తమిళనాడు, కేరళ, కర్ణాటక వంటి వెచ్చని ప్రాంతాలకు 30 రోజులు, ఉత్తరాది మైదానాలకు 40, చలి ఎక్కువగా ఉండే కొండ ప్రాంతాలకు 55 రోజులు. రోజుల సంఖ్య తగ్గితే తొట్టి చిన్నదవుతుంది, ఖర్చు తగ్గుతుంది.

వెలువడే బయోగ్యాసులో సుమారు 55 నుండి 65 శాతం మీథేన్, మిగిలినది చాలావరకు బొగ్గుపులుసు వాయువు, కొద్దిగా హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన ఈ చివరిదానిదే. ఇది ఇంజనులోని లోహాన్ని తినివేస్తుంది కాబట్టి విద్యుత్తు తీయదలచినపుడు ముందుగా దీనిని వడగట్టాలి. ఒక ఘనమీటరు బయోగ్యాసు వంటకు సుమారు 0.43 కిలోల సిలిండరు గ్యాసుతో సమానం. జనరేటరు ద్వారా అయితే ఒకటిన్నర నుండి రెండు యూనిట్ల విద్యుత్తు వస్తుంది. ఒక ఘనమీటరు గ్యాసు కావాలంటే సుమారు 25 కిలోల పేడ కావాలి.

పూర్వ చరిత్ర

ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ 1895లో సెప్టిక్ ట్యాంకును నిర్మించి, అందులోని వాయువుతో ఆ ప్రాంగణంలో దీపాలు వెలిగించాడు. భారతదేశంలో బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897 ప్రాంతంలోనే మానవ వ్యర్థాల నుండి వాయువు తీశారు. పేడ మీద ప్రయోగాలు 1939లో ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థలో మొదలైనాయి. జష్‌భాయి పటేల్ 1951లో తేలియాడే ఇనుప డ్రమ్ము గల "గ్రామలక్ష్మి" నమూనాను రూపొందించాడు. ఖాదీ కమిషను దీనిని దేశమంతటా ప్రచారం చేసింది. ఇనుప డ్రమ్ము తుప్పు పట్టడం, ధర పెరగడం వలన ఇటుక గుమ్మటం గల నమూనాలు తరువాత వచ్చాయి. వాటిలో 1984 నాటి దీనబంధు నమూనా పేరెన్నిక గన్నది.

కేంద్ర ప్రభుత్వం 1981–82లో జాతీయ బయోగ్యాసు పథకం ప్రారంభించింది. ఆంధ్ర ప్రదేశ్‌లో 1986లో ఏర్పడిన నెడ్‌క్యాప్ సంస్థ సబ్సిడీతో ఊరూరా ప్లాంట్లు కట్టించింది. ఉత్తరాంధ్ర పల్లెలలో ఈ ప్లాంటు నుండి వచ్చే మడ్డిని గత్తంతో కలిపి పొలానికి తోలేవారు. వీటిలో చాలా ప్లాంట్లు ఈనాడు పాడుపడి ఉన్నాయి. నిర్మాణ లోపాలు కొంత కారణం. అంతకంటె పెద్ద కారణాలు రెండు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు తగ్గిపోవడం ఒకటి. 1999లో రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం క్రింద గ్యాసు కనెక్షన్లు ఇవ్వడంతో ఇంటింటికీ సిలిండరు చేరడం రెండవది. రోజూ పేడ కలిపే శ్రమ ఎక్కువగా ఆడవారి మీదనే పడేది కాబట్టి సిలిండరును వారు ఆనందంగా స్వీకరించారనడంలో ఆశ్చర్యం లేదు.

మరుగుదొడ్లకు కలిపిన గ్యాసు ప్లాంట్లకు సులభ్ సంస్థ స్థాపకుడు బిందేశ్వర్ పాఠక్ (1943–2023) ప్రాచుర్యం కల్పించాడు. ఒక మనిషి నుండి రోజుకు సుమారు ఒక ఘనపుటడుగు, అనగా 0.03 ఘనమీటరు వాయువు లభిస్తుందని ఆ సంస్థ లెక్క. ఆ ప్రకారం ఒక చిన్న కుటుంబపు వంటకు చాలినంత రెండు ఘనమీటర్ల వాయువుకు సుమారు 70 మంది వాడే మరుగుదొడ్డి కావాలి. ఇంటి మరుగుదొడ్డి మీద ఆ ఇంటి వంట జరగదని దీనిని బట్టి తెలుస్తుంది. హాస్టళ్ళకు, బస్టాండ్లకు, ఆశ్రమాలకు ఇది తగినది.

నీటి లెక్క

మడ్డిని ఆరబెట్టి కాల్చితే ఎక్కువ శక్తి వస్తుంది కదా అని తరచు అడుగుతారు. దీనికి జవాబు పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉన్నది. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి 540 కిలో కేలరీలు కావాలి. మామూలు ఉష్ణోగ్రత నుండి మరిగే వరకు వేడి చేయడానికి మరొక 70 కలిపితే మొత్తం 610. పూర్తిగా ఎండిన మడ్డి ఒక కిలో కాలితే సుమారు 3,500 కిలో కేలరీల వేడి వస్తుందనుకొందాము. ఇది నాసిరకం బొగ్గుతో పోల్చదగినది.

ఇపుడు 95 శాతం నీరు గల ఒక కిలో మడ్డిని తీసుకుంటే అందులో ఘనపదార్థం 50 గ్రాములు. దాని నుండి వచ్చే వేడి 175 కిలో కేలరీలు. 950 గ్రాముల నీటిని ఆవిరి చేయడానికి కావలసినది సుమారు 580. అంటే మూడు రెట్లకు పైగా లోటు. అదే మడ్డిని పిండి నీటిని 80 శాతానికి తగ్గిస్తే వచ్చేది 700, కావలసినది 488. మిగులు 212. ఏ నష్టమూ లేదనుకొన్నా ఘనపదార్థం 15 శాతం దాటితే తప్ప ఈ వ్యాపారం గిట్టుబాటు కాదని లెక్క తేల్చవచ్చు. పొయ్యిలో, గొట్టాలలో పోయే వేడి కలుపుకొంటే ఆ హద్దు ఇంకా పైకి పోతుంది. అందువలననే ఈ రంగంలో అసలు పోరాటం మంటతో కాదు, నీటితో. మడ్డిని పిండే యంత్రాలు, ఇసుక పరచిన ఆరబోత గదులు, ఎండ ఇవే ప్రధానం.

గాలి సోకకుండా కుళ్ళబెట్టే పద్ధతిలో నీటిని ఆవిరి చేయవలసిన అవసరం లేదు. పలుచని వ్యర్థానికి గ్యాసు పద్ధతి, ఎండిన వ్యర్థానికి పొయ్యి పద్ధతి అన్న విభజన దీని నుండే వచ్చింది.

సెప్టిక్ ట్యాంకుల మడ్డి

రాష్ట్రంలోని చిన్న పట్టణాలలో చాలావాటికి భూగర్భ మురుగు కాలువలు లేవు. ఇళ్ళకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం. ట్యాంకు నిండినపుడు లారీ వచ్చి లాగి, ఊరి వెలుపల వాగులోనో, పొలంలోనో వదలడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో దీనిపై ఒక జాతీయ విధానాన్ని ప్రకటించింది. అంతకు ముందే 2016లో వరంగల్ నగరపాలక సంస్థ ట్యాంకులు శుభ్రపరచే లారీలకు సొంతంగా నియమాలు చేసింది.

కర్ణాటకలోని దేవనహళ్ళిలో 2015లో ప్రారంభమైన కేంద్రం దేశంలో ఒక పట్టణం కొరకు కట్టిన మొదటి మల వ్యర్థాల శుద్ధి కేంద్రంగా చెప్పబడుతుంది. అక్కడ మడ్డిని కుళ్ళబెట్టి, ఎండలో ఆరబెట్టి, ఊరి తడిచెత్తతో కలిపి ఎరువు చేసే పద్ధతిని చేపట్టారు. వరంగల్‌లో 2017లోను, ఆ తరువాత పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలోను నిర్మించిన కేంద్రాలలో వేరొక దారి తొక్కారు. మడ్డి నుండి నీటిని పిండి, ఆరబెట్టి, గాలి తక్కువగా ఉన్న కొలిమిలో కాల్చి బొగ్గుపొడిగా మార్చడం ఈ పద్ధతి. కొలిమి వేడినే తరువాతి మడ్డిని ఆరబెట్టడానికి వాడతారు. అంత వేడికి రోగక్రిములు, నులిపురుగుల గుడ్లు మిగలవు. (నరసాపురం గోదావరి ఒడ్డున ఉన్న పట్టణం. అనకాపల్లి జిల్లాలోని నర్సీపట్నం వేరు. పేర్ల పోలిక వలన ఈ రెండింటినీ కలిపి వ్రాయడం కద్దు.)

నరసాపురం కేంద్రం సామర్థ్యం రోజుకు 15 వేల లీటర్లు, అనగా నాలుగైదు లారీల సరుకు. ఇది మరీ తక్కువ కాదా అనిపించవచ్చు. 50,000 జనాభా గల పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని లెక్క చూడవచ్చు. ఇంటికి నలుగురు చొప్పున 12,500 ఇళ్ళు, ఒక్కొక్క ట్యాంకు నుండి 3,000 లీటర్లు వస్తుందనుకొందాము. నియమం ప్రకారం మూడేళ్ళకు ఒకసారి శుభ్రం చేయిస్తే సంవత్సరానికి కోటి 25 లక్షల లీటర్లు, 300 పని దినాలకు పంచితే రోజుకు సుమారు 41 వేల లీటర్లు. కాని మన ఇళ్ళలో ట్యాంకు పొంగితే తప్ప మూత తీయరు. పదేళ్ళకు ఒకసారి అనుకుంటే అదే లెక్క రోజుకు 12,500 లీటర్లకు దిగుతుంది. అప్పుడు 15 వేల లీటర్ల కేంద్రం సరిపోతుంది. ప్రజలు నియమం పాటించడం మొదలుపెడితే మాత్రం అటువంటివి మూడు కావాలి.

సెప్టిక్ మడ్డి నుండి గ్యాసు తీయడం గురించి పత్రికలలో వచ్చే ఆశాజనకమైన వార్తలను కొంత జాగ్రత్తగా చదవాలి. ఆ 50,000 మంది వ్యర్థమంతా తాజాగా చేరితే రోజుకు 1,500 ఘనమీటర్ల వాయువు రావచ్చునని పై సూత్రం చెబుతుంది. కాని ట్యాంకులో ఏళ్ళ తరబడి మగ్గినపుడే అందులోని మీథేన్ చాలావరకు గాలి గొట్టం గుండా ఆకాశంలో కలిసిపోయింది. లారీలో వచ్చేది పిప్పి మాత్రమే. కాబట్టి దానిని ఎరువుగానో, బొగ్గుగానో మార్చడం సహేతుకం. అలా పోయిన మీథేన్ ఊరకనే పోదు. వంద సంవత్సరాల లెక్కలో ఒక టన్ను మీథేన్ సుమారు 27 నుండి 30 టన్నుల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది.

హైదరాబాదు మురుగునీటి కేంద్రాలు

మూసీ నది శుద్ధి పథకంలో భాగంగా 2000ల దశాబ్దం రెండవ భాగంలో అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు, నాగోలులో 17.2 కోట్ల లీటర్ల సామర్థ్యంతో శుద్ధి కేంద్రాలు నిర్మించారు. ఇక్కడ మురుగునీటిని క్రింది నుండి పైకి మడ్డి పొర గుండా పంపుతారు. ఆ పొరలోని సూక్ష్మజీవులు గాలి లేకుండానే మాలిన్యాన్ని తిని మీథేన్ విడుస్తాయి. గాలి ఊదే యంత్రాలు అవసరం లేదు కాబట్టి విద్యుత్తు ఖర్చు తక్కువ, పైగా గ్యాసు లభిస్తుంది. దీని లోపం ఏమనగా బయటకు వచ్చే నీరు పూర్తిగా శుభ్రం కాదు, మరొక దశ శుద్ధి కావాలి. నీటిలో గంధకపు లవణాలు ఎక్కువగా ఉంటే మీథేన్‌కు బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతుంది.

హైదరాబాదులో 2021 నుండి చేపట్టిన 31 కొత్త కేంద్రాలలో గాలి ఊదే పద్ధతిని ఎంచుకున్నారు. నీరు బాగా తేటపడుతుంది, స్థలం తక్కువ పడుతుంది. విద్యుత్తు మాత్రం ఎక్కువ ఖర్చవుతుంది, మడ్డి ఎక్కువగా తయారవుతుంది. ఒక పద్ధతి మంచిది, రెండవది చెడ్డది అనడానికి వీలు లేదు. నగరంలో భూమి ధర ఎంత, కరెంటు ధర ఎంత అన్న ప్రశ్నలే నిర్ణయిస్తాయి.

ఈ మడ్డి నాణ్యతను గురించి మరొక సంగతి చెప్పుకోవాలి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో శుద్ధి చేసిన వ్యర్థజలాన్ని 18 కిలోమీటర్ల గొట్టపు మార్గం ద్వారా నగరపు మురుగు కాలువలలో కలిపి అంబర్‌పేటకు చేర్చే ఏర్పాటు జరిగింది. దీనిపై చాలాకాలం వివాదం నడిచింది. ఇళ్ళ మురుగులో కర్మాగారాల నీరు కలిస్తే సీసం, క్రోమియం వంటి లోహాలు చివరకు చేరేది మడ్డిలోనికే. సూక్ష్మజీవులు వాటిని తినలేవు, నిప్పు వాటిని కాల్చలేదు. అటువంటి మడ్డిని పొలానికి ఎరువుగా పంపరాదు.

ఇతర దేశాలలో కొన్ని శుద్ధి కేంద్రాలు తాము వాడేదానికంటె ఎక్కువ విద్యుత్తు తయారు చేస్తున్నాయి. ఆస్ట్రియాలోని స్ట్రాస్, డెన్మార్కులోని ఆర్హూస్ నగరపు మార్సెలిస్‌బోర్గ్, అమెరికాలో ఓక్లండ్ కేంద్రాలు ప్రసిద్ధమైనవి. ఓక్లండ్ కేంద్రం 2012లో ఈ స్థాయిని చేరుకుంది. అది మురుగుతో మాత్రమే సాధ్యం కాలేదు. చుట్టుపక్కల హోటళ్ళ వ్యర్థాలు, జిడ్డు, ఆహార కర్మాగారాల మిగులు తెచ్చి అదే తొట్టిలో కలిపారు.

మార్కెటు చెత్త

సికింద్రాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెటులోని ప్లాంటు తెలుగునాట ఈ రకం వాటిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన పద్ధతి ఇందులో వాడారు. మార్కెటులో ప్రతిరోజు మిగిలే సుమారు 10 టన్నుల కూరగాయల చెత్త నుండి 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల వంట ఇంధనం తయారవుతున్నాయని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2021 జనవరి 31 నాటి "మన్ కీ బాత్" ప్రసంగంలో ప్రస్తావించారు. ఆ విద్యుత్తు మార్కెటు దీపాలకు, వంట ఇంధనం అక్కడి క్యాంటీనుకు ఉపయోగించారు.

ఈ ప్లాంటు విజయానికి కారణం యంత్రం కంటె చెత్త అని చెప్పవచ్చు. మార్కెటు చెత్త ఒకే చోట, ప్రతిరోజు, దాదాపు ఒకే రకంగా దొరుకుతుంది. అందులో ప్లాస్టిక్కు, ఇసుక తక్కువ. వాడకందారు పక్కనే ఉన్నాడు. విజయవాడలో 2000ల దశాబ్దం మొదట్లోనే మార్కెటు చెత్త, కబేళా వ్యర్థాలు కలిపి రోజుకు 20 టన్నులతో నడిచే గ్యాసు ప్లాంటును నెలకొల్పారు. చెన్నై కోయంబేడు మార్కెటులోనూ 30 టన్నుల ప్లాంటు వచ్చింది. పై లెక్కలను 50,000 జనాభా పట్టణానికి అన్వయిస్తే, తలకు 300 గ్రాముల చెత్తలో సగం తడిదనుకొన్నా రోజుకు ఏడున్నర టన్నులు, దాని నుండి 375 యూనిట్లు, 22 కిలోల గ్యాసు. ఊరి వీధి దీపాలన్నీ దీనితో వెలగవు. ఏడున్నర టన్నుల చెత్త గుట్టగా పడి కుళ్ళకుండా ఉండటమే ఇందులో పెద్ద లాభం.

చెత్తను కాల్చే కేంద్రాలు

పొడిచెత్తను కాల్చి విద్యుత్తు తీసే ప్రయత్నాలు ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ముందుగానే జరిగాయి. షాద్‌నగర్ సమీపాన ఎలికట్టలో 6.6 మెగావాట్లు, విజయవాడలో 6 మెగావాట్ల కేంద్రాలు 2003లో మొదలైనాయి. చెత్తను ఎండబెట్టి ఇంధనపు గుళికలుగా చేసి, వ్యవసాయ వ్యర్థాలు కలిపి కాల్చేవారు. కొన్ని సంవత్సరాలకు రెండూ ఆగిపోయాయి. మన ఊళ్ళ చెత్తలో తడి, మట్టి ఎక్కువ. పై నీటి లెక్క ఇక్కడ కూడా వర్తిస్తుంది.

తరువాతి తరం కేంద్రాలు పెద్దవి. హైదరాబాదు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్ల కేంద్రం ప్రారంభమై, తరువాత 24 మెగావాట్లకు పెరిగింది. విశాఖపట్నం కాపులుప్పాడలోను, గుంటూరు ప్రాంతంలోను 15 మెగావాట్ల చొప్పున నిర్మించారు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల ప్రకారం కిలోకు 1,500 కిలో కేలరీలకు పైగా వేడినిచ్చే, మరల వాడటానికి వీలుకాని చెత్తను పూడ్చక ఇంధనంగా వాడాలి. ఇంటి దగ్గర తడి, పొడి వేరు చేయకపోతే ఆ అంకెను అందుకోవడం కష్టం. బూడిదను, పొగను సరిగా చూసుకోవలసిన బాధ్యత కూడా ఈ కేంద్రాలపై ఉన్నది.

నర్సీపట్నం పరిసరాలు

నర్సీపట్నం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో రెవిన్యూ డివిజను కేంద్రం, మునిసిపాలిటీ. చింతపల్లి, లంబసింగి వైపు మన్యానికి వెళ్ళే దారిలో ఉన్నది. పట్టణాన్ని ఆనుకొని వరాహ నది పారుతుంది. బలిఘట్టం వద్ద ఈ నది ఉత్తర దిశగా పారడం వలన ఆ చోటును పుణ్యక్షేత్రంగా భావిస్తారు. వాగులోనికి వదిలిన లారీ మురుగు చివరకు ఎక్కడికి చేరుతుందో ఇటువంటి నదీతీర పట్టణాలలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ప్రాంతం చెరకుకు, బెల్లానికి ప్రసిద్ధి. బెల్లం వండే రైతు గానుగాడిన పిప్పినే ఎండబెట్టి పెనం క్రింద మంటకు వాడతాడు. వేరే కట్టె కొనడు. వ్యర్థం నుండి శక్తి అన్న మాట పుట్టక ముందు నుండి ఇక్కడ అది జరుగుతున్నది. చక్కెర కర్మాగారాలలో పిప్పితో ఆవిరి, విద్యుత్తు తీస్తారు. రసాన్ని వడగట్టగా మిగిలే చెరకు మడ్డి గ్యాసు తీయడానికి మంచి పదార్థం. ఇందులో మైనం, చక్కెర, పీచు ఉంటాయి. గ్యాసు తీసిన తరువాత మిగిలినది ఎరువుగా పనికివస్తుంది. ఈ ప్రాంతంలో ఏటికొప్పాక, పాయకరావుపేట వద్ద తాండవ, అనకాపల్లి తుమ్మపాల, చోడవరం గోవాడలలో సహకార చక్కెర కర్మాగారాలు వెలిశాయి. అప్పులు, చెరకు కొరత వలన ఏటికొప్పాక, తాండవ, తుమ్మపాలలో క్రషింగ్ నిలిచిపోయింది. రైతులకు బాకీలు, కార్మికులకు జీతాల ప్రశ్న ముందు మడ్డి గ్యాసు ప్రశ్న చిన్నదే. అయినా కర్మాగారం ఆగితే ఒకే చోట పోగుపడే ఇంత శ్రేష్ఠమైన వ్యర్థం కూడా లేకుండా పోతుంది. గ్యాసు ప్లాంటు పెట్టదలచిన వారు ముందుగా చూసుకోవలసినది ఇదే.

కేంద్రం 2018 అక్టోబరులో ప్రారంభించిన సతత్ పథకం శుద్ధి చేసి కుదించిన బయోగ్యాసును చమురు కంపెనీలు కొనే ఏర్పాటు చేసింది. 5,000 ప్లాంట్లు లక్ష్యంగా పెట్టుకున్నా గడువులోగా అందులో స్వల్పభాగమే పూర్తయినది. ఆంధ్ర ప్రదేశ్‌లో 500 ప్లాంట్ల కొరకు రిలయన్స్ సంస్థతో 2024లో ఒప్పందం జరిగి, 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో మొదటిదానికి శంకుస్థాపన చేశారు. ఇవి ప్రధానంగా బంజరు భూములలో పెంచే నేపియర్ గడ్డి మీద ఆధారపడినవి. గడ్డిని పెంచి గ్యాసు తీయడం వ్యవసాయం అవుతుంది గాని వ్యర్థాన్ని వదిలించుకోవడం కాదు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వలన లెక్కలు తికమక అవుతాయి.

ఎరువు, భాస్వరం

గ్యాసు తీసినా నత్రజని, భాస్వరం, పొటాష్ మడ్డిలోనే ఉంటాయి. మీథేన్‌గా పోయేది కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. పేడను పిడక చేసి కాలిస్తే నత్రజని పొగలో పోతుంది. గ్యాసు ప్లాంటులో వేస్తే ఇంధనమూ దక్కుతుంది, ఎరువూ దక్కుతుంది. ఈ కారణం చేతనే వ్యవసాయ శాస్త్రజ్ఞులు మొదటి నుండి గోబర్ గ్యాసును ప్రోత్సహించారు.

భాస్వరం విషయం మరింత ముఖ్యమైనది. భారతదేశం ఫాస్ఫేటు ఎరువులకు, వాటి ముడిరాతికి చాలావరకు దిగుమతుల మీద ఆధారపడి ఉన్నది. మనం తినే ప్రతి ముద్దలోని భాస్వరం చివరకు మురుగులోనికే చేరుతుంది. శుద్ధి కేంద్రాలలో మెగ్నీషియం లవణం కలిపి దానిని స్ట్రువైట్ అనే స్ఫటికాలుగా పట్టవచ్చు. జర్మనీ 2017లో చేసిన చట్టం ప్రకారం పెద్ద కేంద్రాలు 2029 నుండి మడ్డిలోని భాస్వరాన్ని తిరిగి తీయాలి. అమెరికాలో మిల్వాకీ నగరం 1926 నుండి ఎండిన మడ్డిని మిల్ఆర్గనైట్ అనే పేరుతో ఎరువుగా అమ్ముతున్నది.

వాడకంలో జాగ్రత్తలు అవసరం. 35 డిగ్రీల గ్యాసు తొట్టిలో రోగక్రిములు తగ్గుతాయి గాని ఏలికపాముల గుడ్లు చావవు. వేడి ఎక్కే కంపోస్టు గుట్టలోనో, కొలిమిలోనో వాటిని చంపిన తరువాతనే పచ్చిగా తినే ఆకుకూరలకు వాడాలి. చెట్లకు, చెరకుకు అంత భయం లేదు.

కార్మికుల ప్రమాదాలు

ఈ వ్యర్థాలలో పుట్టే వాయువులే మనుషులను చంపుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నపుడు కుళ్ళు వాసన వస్తుంది. మోతాదు పది లక్షల పాళ్ళలో 100 దాటితే ముక్కు మొద్దుబారి వాసన తెలియదు. వాసన పోయింది, లోపలికి దిగవచ్చు అనుకోవడం ప్రాణాంతకం. 500 నుండి 1,000 పాళ్ళు దాటితే కొద్ది నిమిషాలలోనే స్పృహ పోతుంది. పడినవానిని కాపాడటానికి వెంటనే దిగిన రెండవ మనిషి, మూడవ మనిషి కూడా మరణించిన సంఘటనలు దేశంలో అనేకం. మీథేన్ గాలిలో 5 నుండి 15 శాతం మధ్య ఉన్నపుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ట్యాంకు మూత తీసి అగ్గిపుల్లతో చూడటం ఎంతమాత్రం చేయరాదు.

పాకీపని నిషేధ చట్టం 1993లోను, దాని స్థానంలో మరింత విస్తృతమైన చట్టం 2013లోను వచ్చాయి. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలో, సెప్టిక్ ట్యాంకులో మనిషిని దించడం నేరం. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యంలో 2014 మార్చి 27న సుప్రీం కోర్టు 1993 నుండి ఇలా మరణించిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఈ ఉద్యమ నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల ప్రాంతంలో పారిశుధ్య కార్మికుల కుటుంబంలో జన్మించాడు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆంధ్ర ప్రదేశ్ క్యాడరు ఐ.ఏ.ఎస్. అధికారి ఎస్.ఆర్.శంకరన్ పదవీ విరమణ తరువాత ఈ ఉద్యమానికి అండగా నిలిచాడు.

హైదరాబాదు జలమండలి 2017లో ఇరుకు సందులలో కూడా తిరగగల 70 చిన్న యంత్ర వాహనాలను ప్రవేశపెట్టింది. వీటిని దళిత పారిశ్రామికవేత్తలకు అప్పగించారు. తరువాత ఢిల్లీలోనూ ఇటువంటి ఏర్పాటు జరిగింది. గ్యాసు తొట్టి గాని, సెప్టిక్ ట్యాంకు గాని శుభ్రం చేయవలసి వచ్చినపుడు లాగే గొట్టంతో పైనుండే పని పూర్తి చేయించాలి. మూత తీసిన తరువాత చాలాసేపు గాలి ఆడనివ్వడం, చుట్టుపక్కల బీడీ, దీపం లేకుండా చూడటం, ఎవరైనా లోపల పడితే గాలి సిలిండరు గల అగ్నిమాపక సిబ్బందిని 101 నంబరుకు పిలవడం, వారు వచ్చే లోపల ఎవరూ దిగకుండా ఆపడం ఇంటి యజమాని చేయవలసిన పనులు.